స్పెయిన్ రాజుగారి పెయింటరు, మా బడి వంటామె

నాకు చదువు రాదు. సంతకం వస్తది, బోర్డుల మీద అక్షరాలు వస్తయి. అక్షరాలు వస్తయంటే చదవొస్తదని కాదు. కాయితం మీద "ఎరువుల దుకాణం" అని రాసిస్తే దాన్ని చూసుకుంట గోడ మీద గజమెత్తు దించుత. ఏ వంపు ఎక్కడ తిరగాలె, ఏ కొమ్ము ఎక్కడ లేవాలె, అంతా చేతికి తెలుసు. చదువమంటే మాత్రం కూడబలుక్కోవాలె. గిట్లనే వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ దిక్కు ఎన్ని గోడలు రాసిన్నో లెక్క లేదు. ఇప్పుడు కండ్లల్ల పొర వచ్చింది, కుంచె పక్కన పెట్టిన. నేను చెప్తుంటే నా బిడ్డ రాస్తున్నది. పని నేర్సుకునే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, అమ్మా నీ పనిల ఒక్క ముచ్చట చెప్పు అంటరు. చెప్పెతందుకు మస్తున్నయి గాని, తల్సుకుంటే ఇప్పటికీ "అమ్మయ్య" అని ఊపిరి వదిలేది ఒక్క గోడ కాడనే. అదే చెప్త.

మా ఆయన బొంబాయికి మట్టిపనికి పోయి, అక్కడ సినిమా బొమ్మలేసే షెడ్డు కాడ రంగు డబ్బాలు మోసుకుంట పని నేర్సుకొచ్చిండు. ఇద్దరం కల్సి చేస్తుంటిమి. మొకాలు ఆయన, అక్షరాలు నేను. ఒకనాడు ఎవరిదో పెండ్లి గేటు మీద పిల్ల పేరు, పిలగాని పేరు రాసి, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని పండుకున్నడు. మల్ల లేవలే. గుండె అన్నరు దవాఖాన్ల. ఆయన పోయిన ఎనకనే ఫ్లెక్సీ మిషన్లు వచ్చినయి. దుకాణం బోర్డులు పోయినయి, లీడర్ల బొమ్మలు పోయినయి. నాకు మిగిలినయి బడి గోడలు, చచ్చిపోయినోళ్ల బొమ్మలు.

చచ్చిపోయినోళ్ల బొమ్మలంటే మీకు తెల్వదేమో. ముసలామె పోతది, ఇంట్ల ఒక్క ఫోటో ఉండదు. ఏదో కార్డు మీద గోరంత బొమ్మ ఉంటది, సగం మొకం ముద్ర కింద పోతది. దాన్ని పట్టుకొచ్చి, పటం కట్టెతందుకు పెద్దగ గీసియ్యమంటరు. కనపడని సగం ఎట్ల గీయాలె? మా ఆయన చెప్తుండె, "కనపడని కాడ తెల్సిన మనిషిని తల్సుకో, చెయ్యి ఆపకు" అని. మా పనోళ్లందరు గట్లనే చేస్తరు. పెబ్బేరు దిక్కు ఒక గుడి గోడ మీద లక్ష్మమ్మకు మా అత్త ముక్కు ఉన్నది. ఆ సంగతి మా అత్తకు తెల్వదు, లక్ష్మమ్మకు తెల్వదు. గాదాని మీద నడిసింది నా పనంతా. ఎన్నడూ ఎవ్వరు ఒక్క మాట అనలే.

ఇగ ఆ బడి. పెద్దమందడి దిక్కు ఆడపిల్లల హాస్టలు బడి. అక్కడ డ్రాయింగు చెప్పే మేడం గద్వాల పిల్ల. నా బిడ్డకన్న చిన్నది, కండ్లద్దాలు పెట్టుకొని సన్నగ ఉంటది. బొమ్మల రూముల గోడ నిండ ఒక పెద్ద బొమ్మ కావాలె అన్నది. నేను ఎప్పటి లెక్కనే, దేశం పటమా మేడం, చేతులు కడుక్కునే బొమ్మనా అని అడిగిన. కాదమ్మా అని ఫోన్ల చూపిచ్చింది.

పాతకాలం బొమ్మ అది, శానా పెద్ద అర్ర. నడుమల ఒక చిన్న రాజుబిడ్డ, గొర్రెంత వెడల్పు గౌను. అటు ఇటు ఇద్దరు ఆడపిల్లలు వంగి ఆమెకు ఏందో ఇస్తున్నరు. ఒక మూలకు ఒక పొట్టి ఆడమనిషి, పక్కన ఒక పిలగాడు, ముంగట పెద్ద కుక్క. ఎనక తలుపుల ఎవరో నిలబడ్డరు. ఇంకో దిక్కు ఒక మీసాల మనిషి చేతుల కుంచె పట్టుకొని మన దిక్కే చూస్తున్నడు.

"వీడెవడు?" అన్న.

"వీడు కాదమ్మా, ఆయన. ఈ బొమ్మ గీసింది ఆయననే. స్పెయిన్ దేశపు రాజుగారి పెయింటరు. తన బొమ్మ తనే ఏసుకున్నడు."

రాజులుండే బొమ్మల పెయింటరు నిలబడుడేంది అనుకున్న. మా ఆయన గీసినన్ని బొమ్మలల్ల ఏ మూలకు తన మొకం ఏసుకోలే. ఏసుకుంటే ఊకుంటరా ఎవరన్న.

ఆ బొమ్మను మేడం వనపర్తి జిరాక్సు దుకాణంల ముక్కలు ముక్కలుగ తీపిచ్చి అతికిచ్చింది. నేను గోడకు ప్రైమర్ కొట్టిన, నీలిమందుల దారం ముంచి గళ్లు కొట్టిన. కాయితం మీద చిన్న గడి, గోడ మీద పెద్ద గడి. ఒక్కో గడిల ఏమున్నదో చూసుకుంట దించుడే. పగటిపూట పిల్లలు క్లాసులకు పోతే మేడం స్టూలు మీద కూసొని ఆ పెయింటరు ముచ్చట్లు చెప్పేది. ఆయన చిన్నప్పుడు గురువు కాడ పని నేర్సి, గురువు బిడ్డనే పెండ్లి చేసుకున్నడంట. మొదాట్ల రాజులను కాదు, వంటిండ్లు గీసిండంట. పొయ్యి మీద గుడ్లు ఏంచే ముసలామెను, ఎండల తిరిగి కుండనీళ్లు అమ్మే మనిషిని. కుండ మీద జారే నీటి చుక్కను గూడ ఇడ్వలేదంట. అది చూసి పెద్దోళ్లు రాజు కాడికి తీస్కపోయిండ్రు. రాజు కోటల్నే ఒక అర్ర ఇచ్చిండు. తీరిక దొరికితే రాజే కుర్చేసుకొని, ఆయన గీస్తుంటే చూసుకుంట కూసుండేటోడంట. మా ఊర్లె సర్పంచ్ గూడ గట్లనే కుర్చేసుకొని కూసుండె మేడం అన్న, గాని అది రంగుల టర్పెంటు ఎక్కువ కలుపుతున్ననా అని కనిపెట్టెతందుకు. మేడం నవ్వీ నవ్వీ కండ్లద్దాలు తీసి తుడుసుకున్నది.

ముసలితనానికి ఆయనకు పెద్ద పదవి ఇచ్చిండ్రంట. ఏం పదవంటే, కోట అర్రల తాళాలు చూసుకునుడు, రాజు ఎక్కడికి పోతే అక్కడ పడకలు, కట్టెలు, దీపాలు అన్నీ తయారుగుంచుడు. బొమ్మలకు టైం దొరక్కపాయె. రాజు పెద్దబిడ్డ పెండ్లికని దేశం పొలిమేర దాంక పోయి, అక్కడ అన్నీ అమర్చి, ఇంటికొచ్చి జరంల పడి పోయిండంట. కొద్ది దినాలకే భార్య గూడ పోయిందంట.

ఆ మాటకు నా చెయ్యి ఆగింది. ఎవరిదో పెండ్లి పనికి పోయి, ఇంటికొచ్చి పోయిండు. ఎక్కడి స్పెయిను, ఎక్కడి రాజు. గాని ఆ పొద్దటి సంది ఆ మీసాల మనిషి నాకు బయటోని లెక్క అనిపియ్యలే.

ఆ హాస్టల్ల వంటామె ఒకామె ఉండె. నిలబడితే నా నడుము కాడికి వస్తది. పొయ్యి కాడ స్టూలు ఏసుకొని, దాని మీద నిలబడి, తన కన్న ఎత్తుగున్న గంజుల పప్పు తిప్పేది. గొంతు మాత్రం గేటు దాంక ఇనపడ్తది. ఇటిక్యాల దిక్కు ఆమెది. తల్లిదండ్రి పుణెకు, బొంబాయికి కూలికి పోయి పోయి అక్కడనే అయిపోయిండ్రు. ఆదివారం ప్రార్థనకు పోయొచ్చి ఇన్ని పాటలు పాడుకుంట బియ్యం ఏరేది. పెండ్లి చేసుకోలే, చేస్తమని ఎవరు రాలే. ఆమె చేతి కింద రెండొందల పిల్లలు తిని చదువుకుంటున్నరు, పిల్లల కడుపు చూసి మాట్లాడ్తది, మొకం చూసి కాదు.

నాకు మొదటి దినమే అన్నం పెట్టింది. "ఏందక్కా, గోడ ఎక్కుతవు, దిగుతవు, నడుమ తింటవా తినవా?" అన్నది. ఆ రోజు సంది మధ్యాన్నం ఇద్దరం వంటింటి గడప మీద కూసొని తింటుంటిమి. నా చీరకు రంగులైతే, "నిన్ను ఆరేస్తే జెండా అనుకొని పిల్లలు సెల్యూట్ కొడ్తరు" అనేది. నోరు అంత పదును. ఒక్కదానికి మాత్రం బుగులు పడేది. ఫోన్ల ఫోటో. ఎవరన్న ఫోను పైకి లేపితే సాలు, కొంగు మొకం మీదికి గుంజుకునేది. ఒకసారి ఎందుకని అడిగితే చెప్పింది. ఒక పెండ్లిల అన్నం తింటుంటే పిలగాండ్లు వీడియో తీసిండ్రంట, దానికి ఏదో పాట పెట్టి ఊర్లన్నిటికి పంపిచ్చిండ్రంట. గద్వాల బస్టాండ్ల ఎవడో తెల్వనోడు ఆమెను చూసి ఆ పాట పాడిండంట. చెప్పి, చేతులు కడుక్కొని పోయింది.

డ్రాయింగ్ మేడంకు ట్రైనింగు పడి నాగర్‌కర్నూల్ పోయింది. గోడ సగం అయింది. జిల్లా నుంచి సార్లు బడి చూసెతందుకు వస్తరని పెద్ద మేడం తొందర పెడ్తున్నది. నేను ఆ మూలకున్న పొట్టి ఆడమనిషి కాడికి వచ్చిన. బట్టలు మంచిగనే దిగినయి, నీలంరంగు గౌను. మొకం కాడ కాయితం మీద ఇంకు పారి ముద్దగున్నది, ముక్కు లేదు, కన్ను లేదు. మేడం వస్తే అడుగుదమా అనుకున్న. గాని రంగు కలిపి పెట్టుకున్న, ఎండిపోతది. చెయ్యి ఆపకు అన్న మాట చెవులల్ల ఉన్నది. కనపడని మొకాన్ని తెల్సిన మొకంతోని నింపిన. ఎవరిని తల్సుకున్ననో నేను చూసుకోలే. ఒక్క గంటల మొకం అయింది. కుంచెలు కడుక్కొని, అన్నానికి పోయిన.

పిల్లలు చూసిండ్రు. బొమ్మల రూముల నుంచి మొదాలు ఒక్క నవ్వు, ఎనక పది నవ్వులు. నేను చెయ్యి కడుక్కోకుంటనే ఉర్కిన. పిల్లలు ఆ మూలకు వేలు పెట్టి చూపిచ్చుకుంట నవ్వుతున్నరు. "వంటమ్మ, వంటమ్మ గౌను ఏసుకున్నది" అంటున్నరు. అప్పుడు చూసిన నేను. అవే బుగ్గలు, అదే నుదురు, అవే కండ్లు. గోడ మీద మా వంటామె ఉన్నది, రాజుబిడ్డ పక్కన, కుక్క ఎనక.

ఎనక్కి తిరిగిన. తలుపుల నిలబడ్డది ఆమె, చేతుల గంటె. ఎంతసేపైందో వచ్చి. పిల్లల నవ్వు ఆగింది. ఆమె గోడను చూసింది, నన్ను చూసింది. ఏమన్న అంటే బాగుండు, ఆ పదును నోటితోని నన్ను నాలుగు తిట్టినా బాగుండు. పోయి పొయ్యి కాడ స్టూలు ఎక్కింది. ఆ పూట వంట చేసింది, పిల్లలకు పెట్టింది, గంజులు కడిగింది. తెల్లారి చూస్తే లేదు. వాచ్‌మన్‌కు చెప్పిపోయిందంట. ఊరోళ్ల గుంపు పుణెకు పోతున్నది, మేస్త్రి తోని మాట్లాడుకున్న, నేను గూడ పోత, ఎల్లుండి వచ్చి పెట్టె తీస్కపోత అని.

పుణెల ఏం చేస్తదామె? తట్ట మోసేతందుకు ఎవరు పెట్టుకుంటరు? పెట్టుకున్నా అక్కడ ఊరంతా తెల్వనోళ్లే, ఊరంతా ఫోన్లే. ఇక్కడ ఆమెకు ఒక పొయ్యి ఉండె, ఆ పొయ్యి కాడ ఆమె మాటే నడిసేది. నా చేతితోని అది పోయింది.

పెద్ద మేడం పిలిపిచ్చింది. ఆమె మంచామెనే గాని పరేషాన్ల ఉన్నది. పిల్లలకు వండేది ఎవరు, సార్లు వచ్చి అడిగితే ఏం చెప్పాలె. "ఏమమ్మా, ఉన్న మనుషుల మొకాలు గోడ మీద గీస్తరా ఎవరన్న? ముందుగాల అది తుడిచెయ్యి" అన్నది. నేను పోయి తెల్లరంగు కొట్టిన, మొకం ఒక్కటే కాదు, గౌను, చేతులు, మనిషంతా. బొమ్మల అందరున్నరు, ఆ మూలకు మాత్రం మనిషంత తెల్ల మచ్చ.

సాయంత్రం డ్రాయింగ్ మేడం ట్రైనింగ్ నుంచి వచ్చి చూసి, సంచి అట్లనే కింద పెట్టి కూలబడ్డది. కోపం చెయ్యలే. ఆ తెల్ల మచ్చను చూసుకుంటనే చెప్పింది. ఆ స్పెయిన్ పెయింటరు గూడ తప్పు గీసేటోడంట. గుర్రం కాలు ఒక తీరు గీసి, మంచిగ అనిపియ్యకుంటే దాని మీదనే ఇంకో తీరు గీసేటోడంట. ఏండ్లు గడిసినంక పైరంగు పల్చబడి ఇప్పుడు పాతకాలు గూడ కనపడ్తదంట. గుర్రానికి కాళ్లు ఎక్కువైనట్టు ఉంటదంట. "ఆయన దిద్దుకున్నడమ్మా, మనిషిని మాత్రం తీసెయ్యలే" అన్నది. ఎనక ఇంకో ముచ్చట చెప్పింది. ఆ కాలంల రాజులు పొట్టోళ్లను, తిక్కోళ్లను కోటల నవ్వెతందుకు పెట్టుకునేటోళ్లంట. ఈ పెయింటరు వాళ్లను ఒక్కొక్కరిని కూసోబెట్టి, రాజును గీసినంత శ్రద్ధగ, ఎవరి బొమ్మ వాళ్లకు ఏరేగ గీసిండంట. ఫోన్ల చూపిచ్చింది. వాటిల్ల ఒక్క బొమ్మ జిరాక్సు నాకు కావాలె అన్న.

తెల్లారి వనపర్తిల ఆ జిరాక్సు తీపిచ్చుకొని బస్సెక్కిన. కృష్ణ మీద బ్రిడ్జి దాటి, ఎర్రవల్లి చౌరస్తాల దిగి, ఆటోల పోయిన. ఆమె చిన్నమ్మ ఇంటి ముంగట కూసొని మిరపకాయలకు తొడిమెలు తీస్తున్నది. నన్ను చూసి చేతి పని ఆపలే.

"కూసో అక్కా. మాఫీ అడగొచ్చినవా, పప్పు ఎట్ల చెయ్యాల్నో అడగొచ్చినవా?"

రెండూ కాదన్న. ఆమె ముంగట కింద కూసున్న. ఏం చెప్పాల్నో బస్సుల అనుకున్నదంతా మర్సిపోయిన. నా చెయ్యి నన్ను అడక్కుంట గీసింది చెల్లె, నిన్ను ఎక్కిరియ్యాలని కాదు అన్న. కాయితం ముద్దగైన ముచ్చట చెప్పిన, మా అత్త ముక్కు ముచ్చట చెప్పిన. లక్ష్మమ్మ కాడికి వచ్చేసరికి ఆమె పెదవి జర కదిలింది, మల్ల బిగిచ్చుకున్నది.

"గోడ మీదున్న ఆమె ఎవరంట?" అన్నది.

రాజుబిడ్డ కాడ ఉండే మనిషి అన్న.

"ఎందుకోసరం పెట్టుకున్నరు?"

అబద్ధం చెప్దమనుకున్న, నోరు రాలే. "నవ్వెతందుకు" అన్న.

ఆమె తలకాయ ఊపింది. "అదే అనుకున్న. రాజు నవ్విండు, ఇప్పుడు పిల్లలు నవ్విండ్రు."

అప్పుడు సంచిల నుంచి ఆ జిరాక్సు తీసి ఇచ్చిన. దాంట్ల ఒక పొట్టి మనిషి నేల మీద కూసున్నడు, కాళ్లు ముంగటికి చాపి. చేతులు పిడికిళ్లు చేసి ఒళ్లె పెట్టుకున్నడు. గడ్డం ఉన్నది. సూటిగ చూస్తున్నడు, చూసేటోళ్లే కండ్లు దించుకోవాలె, గట్లున్నది. ఆమె చేతుల కారం అంటుకున్నదని కాయితాన్ని కొంగుతోని పట్టుకున్నది. శానా సేపు చూసింది.

"ఈయనకు కోపమొచ్చింది" అన్నది.

"రాదా మరి."

"కోపమొచ్చినా కదలకుంట కూసున్నడు. ఎందుకు కూసున్నడు?"

నాకేం తెలుసు. నాకు తోచింది చెప్పిన. గీసే ఆయన నవ్వకుంట చూసిండు కావొచ్చు, అందుకే కూసున్నడు కావొచ్చు అన్న. ఆయన గూడ కింద కూసొనే గీసిండంట, కండ్లకు కండ్లు సరిగ్గ ఎదురొచ్చేటట్టు, మేడం చెప్పింది అన్న.

ఆమె కాయితం మడ్సి నా చేతికిచ్చింది. "నువ్వు నన్ను చూసి గీసినవా?"

"లేదు. యాదికొచ్చింది గీసిన."

"యాదిల నేను ఏం చేస్తుంటి?"

"నాకు అన్నం పెడ్తుంటివి."

"మరి గోడ మీద?"

"ఊకె నిలబడ్డవు."

"నేను ఎన్నడన్న ఊకె నిలబడంగ చూసినవా?" అని మల్ల మిరపకాయల మీద పడ్డది. వస్త అనలే, రాను అనలే. మేస్త్రి బండి రేపు పగటికి బడి దిక్కున్న చౌరస్తా కాడికి వస్తది, పొద్దుగాల వచ్చి పెట్టె తీస్కపోత అన్నది, అంతే. నేను మిరపకాయల ఘాటుకు తుమ్ముకుంట ఆటో ఎక్కిన. ఆ ఘాటు కండ్లకు తగిలి నీళ్లు కారినయని చెప్పుకోవచ్చు.

తెల్లారి పొద్దుగాల నేను బొమ్మల రూముల కుక్క తోక దిద్దుతున్న. చెయ్యి పనిల లేదు. గేటు కాడ ఆమె గొంతు ఇనపడ్డది, వాచ్‌మన్‌తోని ఏదో అంటున్నది. పెట్టె కోసరం పోతది, పోయి ఎల్లిపోతది అనుకున్న. అడుగుల సప్పుడు ఇటు దిక్కు వచ్చింది. ఆమె వచ్చి గోడ ముంగట నిలబడ్డది. రాజుబిడ్డను చూసింది, కుక్కను చూసింది, మీసాల మనిషిని చూసింది. ఎనక ఆ తెల్ల మచ్చ కాడికి పోయి చేయి పెట్టింది. ఆమె ఎత్తే ఉన్నది అది.

"తుడిచేసినవా?"

పెద్ద మేడం చెప్పింది చెల్లె అన్న.

"అందరున్నరు" అన్నది. మచ్చ మీది చేయి తియ్యకుంటనే, "మొకం గీసినవని పోయిన. పోయొచ్చేసరికి మనిషినే లేకుంట చేసినవు" అన్నది. ఆ గొంతుల తిట్టు లేదు. నాకు అది ఓర్సరాలే.

పోయింది. పెట్టెకే పోయింది అనుకున్న. నేను డబ్బాకు మూత పెడ్తున్న. నేల మీద స్టూలు ఈడ్సే సప్పుడు. పొయ్యి కాడి స్టూలు, కాళ్లకు పప్పు ఎండి అంటుకున్నది, దాన్ని ఈడ్సుకొచ్చి గోడకు ఎదురుంగ ఏసి కూసున్నది. కొంగు సర్దుకున్నది. కాళ్లు నేలకు అందలే, ఒక్కదాని మీద ఒక్కటి ఏసుకున్నది.

"కూసున్న. గీయి" అన్నది. "బండి వచ్చేదాంక టైం ఉన్నది."

మీకు ఒక్కటి చెప్పాలె. అంతదాంక నేను ఉన్న మనిషిని ముంగట కూసోబెట్టి గీయలే. ఫోటో చూసి గీసిన, కాయితం చూసి గీసిన, యాది చేసుకొని గీసిన. ఊపిరి తీసే మనిషిని గీయలే. గోడ కాడ నిలబడి ఆమెను చూస్తే ఆమె పాపిట కనపడ్తది గాని మొకం కనపడదు. అప్పుడు ఆ స్పెయిన్ మనిషి యాదికొచ్చిండు. నేల మీద కూసున్న. ఆ మచ్చ గూడ కిందికే ఉన్నది, కూసొని గీసెతందుకు సరిపోయింది. ఆమె కండ్లు నా కండ్లకు సరిగ్గ ఎదురొచ్చినయి. ఎన్ని దినాలు గడప మీద పక్కపక్కన కూసొని తిన్నం, ఎదురుంగ కూసొని ఎన్నడూ చూడలే.

ఎడమ కనుబొమ్మ నడుమ కాలిన మచ్చ ఉన్నది. నూనె చిట్లిందంట. నేను యాది చేసుకొని గీసిన మొకంల అది లేదు. ముక్కు నేననుకున్నట్టు లావు కాదు. కింది పెదవి ఎప్పుడూ మాటకు తయారుగ ఉన్నట్టు జర ముంగటికి ఉంటది. ఇన్ని దినాల సంది అన్నం పెట్టిన మనిషి మొకం నాకు తెల్వదని అప్పుడు తెల్సింది.

"చేతుల గంటె పెట్టాల్నా?" అని అడిగిన.

"వద్దు. ఊకె నిలబెట్టు. ఒక్క కాడన్న నిలబడనియ్యి నన్ను" అన్నది.

గౌను ఉంచాల్నా, చీర కట్టాల్నా అంటే జర ఆలోచన చేసి, గౌనే ఉండనియ్యి, ఉతికే పని లేదు అన్నది.

ఇంతల పిల్లలకు తెల్సింది. కిటికీల కాడ తలకాయలు లేసినయి. డ్రాయింగ్ మేడం అందర్ని లోపలికి పిలిచి కింద కూసోబెట్టింది. ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. మా వంటామె తలకాయ కదపకుంట, కండ్లు నా మీదనే ఉంచి, "ఎవరే అది? నేను ఇక్కడ కూసుంటే అక్కడ పప్పు ఎవరు చేస్తున్నరో ఎరుకనా? వాచ్‌మన్ భార్య. మధ్యాన్నం తిన్నంక నవ్వు" అన్నది. రూమంతా నవ్వు లేసింది, ఈసారి ఆమె గూడ నవ్వింది. నేను నవ్వద్దు, పెదవి కదుల్తున్నది అన్న. నవ్వు ఆగినంక పిల్లలు ఒక మొకాన్ని చూసుకుంట, ఇంకో మొకం గోడ మీద వచ్చేది చూసుకుంట కూసున్నరు. పెద్ద మేడం గూడ వచ్చింది. తుడిచెయ్యమన్నది మల్ల గీస్తున్నవేంది అంటదేమోనని బుగులు పడ్డ. ఆమె తలుపు కాడనే నిలబడ్డది, జరసేపటికి చెప్పులు ఇడిసి లోపలికి వచ్చింది.

ముక్కు, బుగ్గలు, పెదవి వచ్చినయి. కండ్ల కాడికి వచ్చి ఆగిన. కండ్లు గీస్తే పని అయిపోతది. పని అయిపోతే ఆమె లేసి పోతది. అందుకే ఆగిన్నని నాకు తెలుసు, కుంచె కడుగుతున్నట్టు చేసిన. పొద్దు ఎక్కింది. వంటింట్ల నుంచి పోపు మాడిన వాసన వచ్చింది. ఆమె ముక్కుపుటాలు అదిరినయి గాని కూసున్న కాడి నుంచి కదల్లే.

అప్పుడు ఆమె ఒళ్లె ఫోను మోగింది.

చూసుకోకుంటనే ఎత్తి చెవికి పెట్టుకున్నది. మేస్త్రి గొంతు మా అందరికి ఇనపడ్డది, చౌరస్తా కాడ బండి ఆగింది, అందరెక్కిండ్రు, నీ ఒక్కదాని కోసరం ఆపిన, ఎక్కడున్నవు అంటున్నడు. నేను కుంచె పట్టుకున్న చెయ్యి పైకి లేపి పెట్టుకున్న, దించాల్నో గీయాల్నో తెల్వలే. డ్రాయింగ్ మేడం కండ్లద్దాలు తీసింది.

ఆమె తలకాయ తిప్పలే. నన్నే చూస్తున్నది.

"రానన్నా" అన్నది. "పోనియ్యి బండి. కండ్లు గీస్తున్నరు, కదలొద్దు."

ఫోను ఒళ్లె పెట్టుకున్నది. నేను గట్టిగ ఊపిరి ఇడిసిన, రంగు చుక్క ఒకటి నేల మీద పడ్డది. కుంచె ముంచి ఎడమ కన్ను షురూ చేసిన.